టర్బో బిగించాక సిగ్నల్ దగ్గర నీలం పొగ: 2004 సిల్వరాడో 5.3

మెకిన్నీ గ్యారేజ్:

అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన మెకిన్నీలో ఉంటాను. నా పిక్‌అప్ 2004 సిల్వరాడో 1500, 5.3 లీటర్ల వీ8, టూ వీల్ డ్రైవ్. 1,68,000 మైళ్లు తిరిగింది. కొత్తది కొనుక్కోమని ఇంట్లో అంటూనే ఉన్నారు కానీ, నాన్న ఇక్కడికొచ్చిన ఆరు నెలలూ ఈ బండి ముందు సీటే ఆయన చోటు. అమ్మబుద్ధి కాలేదు. అందుకే దీనికే సింగిల్ టర్బో కిట్ (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి ఎక్కువగా తోసేది) తెచ్చి ఇంటి గ్యారేజ్‌లోనే బిగించాను.

మూడు వారాంతాలు పట్టింది. అందులో ఒక శనివారం మొత్తం ఒక్క బోల్టుకే పోయింది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టు తుప్పు పట్టి, తల ఊడిపోయి, హెడ్‌లోనే ఉండిపోయింది. దాని మొండెం మీద నట్టు పెట్టి వెల్డ్ చేసి, ఆ వేడి మీదే కొంచెం ముందుకీ వెనక్కీ ఆడిస్తే కదిలింది.

ఇంజెక్టర్లు పెద్దవి వేశాను. ప్లగ్ గ్యాప్ 0.6 మిల్లీమీటర్లకు తగ్గించాను. టర్బో గాలి ప్రెషర్‌కి (బూస్ట్‌కి) హద్దు పెట్టే వేస్ట్‌గేట్ స్ప్రింగ్ 7 పీఎస్ఐ. 93 ఆక్టేన్ పెట్రోలే పోస్తున్నాను. ట్యూన్ తెలిసినవాళ్లతో చేయించాను, బూస్ట్‌లో గాలి-పెట్రోల్ పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ 11.5 చూపిస్తోంది, నాక్ (పెట్రోల్ అదుపు తప్పి పేలే టకటక) లేదు. బండి లాగుతుంటే ప్రాణం లేచొస్తుంది.

సమస్య ఏంటంటే, సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి కదలగానే వెనక నీలం పొగ కమ్మేస్తోంది. హైవే మీద అసలు ఉండదు. 300 మైళ్లకు ఒక క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ తగ్గింది. కంప్రెషన్ చూశాను, ఎనిమిది సిలిండర్లూ 165 నుంచి 175 పీఎస్ఐ మధ్యే ఉన్నాయి. ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. టర్బో వెనక డౌన్‌పైప్ విప్పితే మాత్రం లోపల తడి ఆయిల్. కొత్త టర్బో అప్పుడే పోయిందంటారా? ఇంకో టర్బో కొనే ముందు మీ మాట వినాలని అడుగుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

హ్యూస్టన్ రెడ్డి:

బ్రో, మీ టర్బోది జర్నల్ బేరింగా (షాఫ్ట్ ఆయిల్ పొర మీదే తిరిగేది), బాల్ బేరింగా? బాల్ బేరింగ్ అయితే, టర్బోకి ఆయిల్ తెచ్చే ఫీడ్ లైన్‌లో ఆయిల్‌ని తగ్గించే రెస్ట్రిక్టర్ లేకపోతే ఆయిల్ ఎక్కువైపోయి ఇలాగే పొగ వస్తుంది. ఏదైనా సరే, ఈ పొగతో ఎక్కువ రోజులు తిప్పకండి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. 2025 నుంచి టెక్సాస్‌లో మామూలు బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ, మీ కాలిన్ కౌంటీలో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది.

మెకిన్నీ గ్యారేజ్:

జర్నల్ బేరింగే బ్రో. ఫీడ్ ఆయిల్ ఫిల్టర్ పైనున్న పోర్ట్ నుంచి 4 ఏఎన్ (సన్నటి సైజు) లైన్‌తో తీశాను. ఆయిల్ వెనక్కి దిగే రిటర్న్ 10 ఏఎన్ (లావు సైజు) హోస్, ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ పాన్‌కి నేనే రంధ్రం చేసి పెట్టాను.

బెజవాడ డీజిల్:

తమ్ముడూ, టర్బో పోలేదు. కంగారుపడి కొత్తది కొనకు.

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ షెడ్డు ఉండేది. నేను స్పానర్ పట్టింది అక్కడే. లారీలు ఇదే పొగతో వచ్చేవి. ఇంజిన్ బోరుకొచ్చిందని, టర్బో మార్చాలని ఎవరో చెప్పి పంపేవాళ్లు. నాన్నగారు ముందు రిటర్న్ పైపు మీదే చెయ్యి వేసేవారు.

టర్బో షాఫ్ట్‌కి రబ్బరు సీళ్లు ఉండవు. రెండు చివర్లా పిస్టన్ రింగులాంటి సన్నటి రింగులుంటాయి, అంతే. ఆయిల్ కిందికి ఖాళీగా దిగిపోతున్నంతసేపే అవి ఆపగలవు. లోపలికి ఆయిల్ ప్రెషర్‌తో వెళ్తుంది, బయటికి మాత్రం చిలికిన మజ్జిగలా నురగై, తన బరువు మీదే జారాలి. దారిలో ఎక్కడ నిలిచినా వెనక్కి పేరుకుని రింగులు దాటేస్తుంది. ఐడిల్‌లో ఎగ్జాస్ట్ వైపు ఎదురు ప్రెషర్ పెద్దగా ఉండదు కాబట్టి అటే కారుతుంది. కదలగానే అదంతా కాలి పొగవుతుంది. నీ ప్లగ్గులు పొడిగా ఉండి డౌన్‌పైప్ తడిగా ఉందంటే ఆయిల్ ఇంజిన్‌లోంచి రావట్లేదు.

రెండు విషయాలు చెప్పు. పైపు టర్బో నుంచి పాన్ దాకా కిందికే దిగుతోందా, మధ్యలో పొట్ట వేసి మళ్లీ పైకి ఎక్కుతోందా? నువ్వు చేసిన రంధ్రం ఆయిల్ లెవెల్‌కి పైన ఉందా, కింద ఉందా? ఇంజిన్ ఆపి, చల్లారాక, పాన్ దగ్గర పైపు విప్పు. పైపులో మిగిలిన నాలుగు చుక్కలు పడితే సరే. పాన్‌లోంచే ధారగా వచ్చిందంటే జవాబు దొరికినట్టే. రంధ్రం మూయడానికి ఒక డమ్మీ మూత చేతిలో పెట్టుకుని విప్పు.

రాత్రి ట్యూనర్:

అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దాంతోపాటు పీసీవీ (క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజిన్ కింది భాగంలో చేరిన ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం, వాల్వ్) కూడా చూడండి. బూస్ట్ ఎక్కినప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోంచి గాలి ఆ గొట్టం గుండా క్రాంక్‌కేస్‌లోకి వెళ్తే లోపల ప్రెషర్ పెరిగి, రిటర్న్ ఆయిల్‌ని పైకి నెడుతుంది. ఆ లైన్‌లో చెక్ వాల్వ్ (గాలిని ఒక్కవైపే పోనిచ్చేది) వేయండి.

ఇంకొకటి, అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 7 పీఎస్ఐ దాటకండి. కంపెనీ పిస్టన్ రింగుల కొసల మధ్య గ్యాప్ టర్బో వేడికి లెక్కవేసి పెట్టింది కాదు. వేడికి రింగు సాగి రెండు కొసలూ ఒకదానికొకటి తగిలితే పిస్టన్ అంచు విరిగిపోతుంది, అప్పుడు ఇంజిన్ దించాల్సిందే. మీ 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో 3-4 క్లచ్ (మూడు, నాలుగు గేర్లకు పనిచేసేది) కూడా ఇంత బలానికి చేసింది కాదు. నాలుగో గేర్‌లో నిండా తొక్కొద్దు.

మెకిన్నీ గ్యారేజ్:

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. నట్టు రెండు చుట్లు తిప్పానో లేదో, పాన్‌లోంచి మోచేతి మీదుగా ధార కట్టింది. డమ్మీ పెట్టేలోపే దాదాపు క్వార్ట్ ఆయిల్ కింద ట్రేలోకి పోయింది. పైపు వేడి గొట్టానికి తగలకూడదని కిందికి దించి మళ్లీ పైకి తిప్పాను, ఆ పొట్ట కూడా ఉంది. మీరడిగిన రెండు తప్పులూ నేను చేశాను.

పాత రంధ్రం మూసేశాను. డిప్‌స్టిక్ ఫుల్ మార్క్ ఎత్తు కొలుచుకుని, దానికి రెండంగుళాల పైన పాన్ పక్క గోడకి కొత్తది చేశాను. పాన్ దించలేదు. అల్యూమినియం పొట్టు అయస్కాంతానికి రాదు కాబట్టి డ్రిల్ బిట్‌కి, మరలు కోసే ట్యాప్‌కి దట్టంగా గ్రీజు రాసి, నాలుగు చుట్లకొకసారి బయటికి తీసి తుడుస్తూ పోయాను. తర్వాత డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచి, చవక ఆయిల్ రెండు క్వార్ట్‌లు పోసి కడిగాను. మొదటి క్వార్ట్‌లో నాలుగైదు మెరుపులు కనిపించాయి, రెండోది శుభ్రంగా వచ్చింది. హోస్ చిన్నది చేసి నిటారుగా దించి, వేడి తగలకుండా సిల్వర్ స్లీవ్ తొడిగాను.

మొదటి ఇరవై నిమిషాలు పొగ ఇంకా వచ్చింది. గుండె జారింది. అది పైపుల్లో మిగిలిన పాత ఆయిల్ కాలడమని తర్వాత అర్థమైంది. నాలుగు రోజులైంది. ఈ ఉదయం పాప డేకేర్ బయట ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, అద్దంలో చూస్తూ కదిలాను. వెనక కారు హెడ్‌లైట్లు స్పష్టంగా కనిపించాయి. 140 మైళ్లకు డిప్‌స్టిక్ మీద ఆయిల్ కదల్లేదు.

చెక్ వాల్వ్ శనివారం వస్తుంది. అన్నా, టర్బో డబ్బులు మిగిల్చారు. షాఫ్ట్ ఆట కూడా ఒకసారి చూసి ఇక్కడే చెప్తాను.

బెజవాడ డీజిల్:

షాఫ్ట్ పక్కకి కొద్దిగా ఊగితే భయపడకు, జర్నల్ బేరింగ్‌కి అది ఉంటుంది. ముందుకీ వెనక్కీ ఆట ఉంటే, లేదా చక్రం గోడకి గీసుకుంటే మాత్రం ఫోటో పెట్టు.