మిల్లు పడగొట్టేలోపు ఒకసారి లోపలికి వెళ్లి చూడాలా?

రెండో షిఫ్టు:
స్పిన్నింగ్ మిల్లులో, నూలు వడికే రింగ్ ఫ్రేముల మీద 19 ఏళ్లు చేశాను. మూతపడి 11 ఏళ్లయింది. వచ్చే నెల షెడ్డు పడగొడుతున్నారట. వాచ్‌మన్ పాత పరిచయం, "ఓసారి వచ్చి చూసుకుపో" అంటున్నాడు. వెళ్లాలా వద్దా తేలడం లేదు.

నాకు యంత్రాల కంటే వాటి మోతే ఎక్కువ గుర్తు. స్పిండిళ్లు నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరుగుతుంటే పక్కవాడు చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని అందరం పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పటికీ అద్దం అవతల ఎవరైనా ఇద్దరు మాట్లాడుకుంటుంటే సగం అర్థమైపోతుంది (మా ఆవిడకిది అస్సలు నచ్చదు). నడుస్తుంటే బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే రాసుకుంటుంటాయి, తెగిన దారం అతికినట్టు.

మీ పనిచోటు మూతపడ్డాక మళ్లీ వెళ్లి చూసినవాళ్లున్నారా? చూస్తే ఉన్న జ్ఞాపకం కూడా పాడవుతుందేమోనని భయం.

చీకటిగది:
నాది ఫిల్మ్ ల్యాబ్. కలర్ నెగెటివ్ కడిగే ద్రావణం, డెవలపర్, 37.8 డిగ్రీలు, 3 నిమిషాల 15 సెకన్లు. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నేను వెళ్లాను. మా గదికి కిటికీ పెట్టేశారు! ఏళ్ల తరబడి చేత్తో తడుముకుంటూ తిరిగిన గదిని వెలుతురులో చూస్తే ఇంకెవరిదో అనిపించింది. ఇంత చిన్నదా అనుకున్నాను. వెళ్లినందుకు బాధ లేదు గానీ రెండోసారి వెళ్లను.

కార్డింగ్ వారమ్మాయి:
మిమ్మల్ని నొప్పించాలని కాదు. మా నాన్న చేసింది కార్డింగులో, అంటే దూది ఏకే చోట. ఆదివారం మామూలుగానే ఉండేవారు. సోమవారం డ్యూటీకెక్కిన కొన్ని గంటలకు ఛాతీ పట్టేసేది. దూది దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్ మొదట్లో ఇలాగే ఉంటుంది, సెలవు తర్వాత మొదటి రోజే ఎక్కువ. ఆ జబ్బుకి ఒక పేరుందని మాకు ఆయన పని మానేశాక గానీ తెలియలేదు.

ఇంకో మాట. మోత వల్ల వినికిడి ముందు 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల పోతుంది. మాట వినపడుతూనే ఉంటుంది, స, ష, ఫ లాంటివి జారిపోతాయి. మీరు ఇంకా పెదవులు చూస్తున్నది అలవాటు వల్లేనా?

సీసం అక్షరం:
నేను ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చిన పాత కంపోజిటర్ని, అక్షరాన్ని ఇప్పటికీ తిరగేసి చదవగలను, ఎవరికీ అక్కర్లేదు. వెళ్లండి, కానీ ఒంటరిగా వద్దు. పాత షెడ్డు కప్పు ఆస్బెస్టాస్ రేకు అయితే విరిగిన ముక్కల జోలికి పోకండి. యంత్రాలు ఎటూ స్క్రాపుకి పోయుంటాయి, నేలలో బిగించిన బోల్టులు చూస్తే ఏ ఫ్రేము ఎక్కడుండేదో తెలుస్తుంది. మీతో చేసినవాళ్లని తీసుకెళ్లి, షిఫ్టులో నడిచిన వరసలోనే నడుస్తూ వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేయండి.

లండన్‌లో బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్ 1981లో మూసేశారు, 2000లో అదే టేట్ మోడర్న్ మ్యూజియం అయింది. టర్బైన్లు ఎప్పుడో పోయినా ఆ హాలుని ఇంకా టర్బైన్ హాల్ అనే అంటారు. అన్నిటికీ అంత రాత ఉండదు లెండి.

రెండో షిఫ్టు:
నిన్న వెళ్లొచ్చాను. పక్క ఫ్రేము మీద చేసిన ఆయన్ని తీసుకెళ్లాను. బోల్టులు దొరికాయి, ఎదురెదురుగా మా చోట్లలో నిలబడ్డాం. లోపల చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అయినా ఇద్దరం గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకున్నాం. బయటికొచ్చాక గుర్తొచ్చింది, ఫోన్లో ఏమీ రికార్డు కాలేదని. సీసం అక్షరం గారూ, ఏమీ అనుకోకండి.

అమ్మా, మీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపించాను. "నాలుగేళ్లుగా అదేగా మొత్తుకుంటున్నాను" అంది. నాకు వినపడలేదేమో మరి. శుక్రవారం చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.