ఆడపిల్లకి ‘విశాఖ’ అని పేరు పెట్టొచ్చా?

కొత్త నాన్న (పెదవాల్తేరు):
పాప పుట్టి పదహారు రోజులు. ఇరవయ్యొకటో రోజు బారసాల. పళ్లెంలో బియ్యం మీద ‘విశాఖ’ అని రాయాలని నాకూ మా ఆవిడకీ ఉంది. విశాఖ నక్షత్రం, మూడో పాదం. మా అమ్మేమో ‘ఊరి పేరు పిల్లకేటిరా, బస్సు బోర్డులాగ’ అంటోంది. పైగా విశాఖ అంటే కొమ్మలు లేనిదని, వంశానికి మంచిది కాదని ఎవరో ఎక్కించారు. నిజమేనా?

జగదాంబ జంక్షన్:
కండక్టర్లు కూడా ‘వైజాగ్, వైజాగ్’ అనే అరుస్తారు, బోర్డు భయం అక్కర్లేదు. కానీ ‘వి’ అంటే లేమి. విఫలం, వికలం చూడండి. శాఖలు లేనిదనే అర్థం.

రిటైరైన సంస్కృతం మాస్టారు:
మరి విఖ్యాతి, విశేషం, విజ్ఞానం? వాటిలో ఏం లేకుండా పోయింది బాబూ? కొమ్మలు లేనిది, కొమ్మలు చీలినది అని నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయితే ఈ పేరు చెట్టు నుంచి కాదు, చుక్క నుంచి వచ్చింది. తైత్తిరీయ సంహితలో ‘విశాఖే నక్షత్రం, ఇంద్రాగ్నీ దేవతా’ అని ఉంటుంది. ‘విశాఖే’ ద్వివచనం. దేవతలూ ఇద్దరే. రెండుగా చీలిన కొమ్మ అనడానికి ఇంకేం కావాలి? ఇక ఊరి పేరంటారా, విశాఖుడంటే కుమారస్వామి. ఆయన గుడి సముద్రంలో కలిసిపోయిందని మనవాళ్లు చెప్పుకుంటారు.

తొట్లకొండ:
ఎప్పుడూ గుడి కథేనా మాస్టారూ? బుద్ధుడి కాలంలో విశాఖ అనే ఆవిడ ఉంది. అంగదేశంలో భద్దియ నగరంలో పుట్టి, శ్రావస్తికి కోడలై, పూర్వారామం అనే బౌద్ధ విహారం కట్టించింది. మామ మిగారుడు ఆమె వల్లే బుద్ధుడి దారి పట్టాడు, అందుకే ఆమెను మిగారమాత అన్నారు. మామచేత అమ్మా అనిపించుకున్న కోడలు! భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ లాంటి బౌద్ధ క్షేత్రాలు పెట్టుకుని ఊరు ఆమె పేరు మీద కాదంటారా?

రిటైరైన సంస్కృతం మాస్టారు:
ఆవిడ గొప్పదే. కొండ మీద స్తూపాలున్నంత మాత్రాన ఊరు ఆవిడదైపోదు. పిల్లకి పేరు పెట్టడానికి అది తేలక్కర్లేదు కూడా.

జాతకాల పిచ్చి:
నాదొక పుల్ల. విశాఖ పాదాలకి పేరు మొదలుపెట్టాల్సిన అక్షరాలు తి, తు, తే, తో. మీ పాపకి ‘తే’. ‘వి’ రోహిణిది. అంటే విశాఖలో పుట్టిన పిల్లకి విశాఖ అని పెడితే లెక్క ప్రకారం తప్పు! నక్షత్రమే కావాలంటే ‘రాధ’ అనండి. విశాఖకే అది ఇంకో పేరు, అందుకే దాని వెనకాల వచ్చేది అనూరాధ. (‘రా’ చిత్తకి పోతుందని నాకూ తెలుసు, కొట్టకండి.)

కొత్త నాన్న:
రాధ అని మా అమ్మతో అని చూశాను. అది మా మేనత్త పేరు. వాళ్లిద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు. ‘ఆ ఊరి పేరే పెట్టుకోండి’ అంది.