‘యెడతెగక ప్రార్థనచేయుడి’: మోకరించడానికే తీరిక లేనివాళ్లకు ఈ మాట ఏం చెబుతుంది?

ప్రశ్న

అందరికీ వందనాలు. బైబిల్లోని 1 థెస్సలొనీకయులకు 5:16, 17 వచనాల గురించి అడుగుతున్నాను. “ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి, యెడతెగక ప్రార్థనచేయుడి.” మంచాన పడ్డ మా అమ్మను చూసుకుంటూ ఉద్యోగం చేస్తున్నాను. యెడతెగక అంటే ఆపకుండా అనేగా? కుదురుగా మోకరించడానికే వీలు దొరకని రోజులున్నాయి. ఇక ఎల్లప్పుడూ సంతోషం ఎక్కడినుంచి తెచ్చుకోను? ఈ మాటల్లో నేను చూడనిది ఏదైనా ఉందా, లేక ఆజ్ఞ తప్పుతున్నానా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు

వందనాలండీ. ముందు మాట సంగతి చూద్దాం. అసలు రూపం ‘ఎడతెగక’. ముందున్న ‘ఉండుడి’ తర్వాత పలకడంలో ‘య’ చేరింది, పాత అచ్చులో ఇది మామూలే. ‘ఎడ’ అంటే నడుమ ఉండే ఖాళీ. ఎడం, ఎడబాటు అన్న మాటల్లో ఉన్నదీ ఇదే. నడుమ ఎక్కడా తెగిపోకుండా అన్నది మొత్తం మాటకు అర్థం. మూలభాష గ్రీకులో ఉన్న ‘అదియాలెయిప్తోస్’ కూడా మధ్యలో వదిలిపెట్టకుండా అనే చెబుతుంది. వేరే పని ఏదీ పెట్టుకోవద్దన్న అర్థం రెండింటిలోనూ లేదు.

ఇది నా ఊహ కాదు, ఈ వచనాలున్న పత్రికలోనే, అంటే ఉత్తరంలోనే, ఆధారం ఉంది. అపొస్తలుడైన పౌలు దీన్ని థెస్సలొనీకలోని సంఘానికి క్రీ.శ. 50–51 ప్రాంతంలో కొరింథునుంచి రాశాడు. 2:9లో తాము ఎవరికీ భారం కాకూడదని “రాత్రింబగళ్లు కష్టముచేసి” బతికామంటాడు. 3:10కి వచ్చేసరికి మిమ్మల్ని చూడాలని “రాత్రింబగళ్లు” దేవుణ్ణి వేడుకుంటున్నామంటాడు. గ్రీకులోనూ రెండుచోట్లా ఒకే పదబంధం. రోజుకు రాత్రీ పగలూ ఒక్కసారే వస్తాయి కదా! కష్టపడిన గంటలే ప్రార్థించిన గంటలు కూడా. అపొస్తలుల కార్యములు 18:3 ప్రకారం ఆయన వృత్తి డేరాలు కుట్టడం. అంటే డేరా గుడ్డ ముందు కూర్చున్న మనిషి రాసిన ఆజ్ఞ ఇది. మీ అమ్మగారి పక్క సర్దుతూ “ప్రభువా, ఈ రాత్రి గట్టెక్కించు” అని మనసులో అనుకుంటారు చూడండి, అది ప్రార్థనకు బదులు కాదు, ప్రార్థనే.

నెహెమ్యా 2:4 కూడా చూడండి. నీకేం కావాలని రాజైన అర్తహషస్త తన కొలువులో ఉన్న నెహెమ్యాను అడిగాడు. నెహెమ్యా దేవునికి ప్రార్థించి రాజుకు జవాబిచ్చాడు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎంత సమయం ఉండి ఉంటుంది? ఆ రెప్పపాటులోనే ప్రార్థన జరిగింది. అయితే అది గాల్లోంచి ఊడిపడలేదు. మొదటి అధ్యాయంలో ఆయన రోజుల తరబడి ఉపవాసముండి దుఃఖంతో ప్రార్థించాడు. అందుకే వేళ పెట్టుకుని చేసే ప్రార్థన అక్కర్లేదని నేననను. దానియేలు రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఏకాంతంలో దేవుని ముందు కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకే పనుల నడుమ ఆయన పేరు నోటికి వస్తుంది. మీకు ఇప్పుడు ఆ ఏకాంతం కొద్దిగానే దొరుకుతోంది. ఆ కొద్దిని వదలకండి, చాలు.

అడిగినవారు

ధన్యవాదాలండీ, ప్రార్థన సంగతి అర్థమైంది. మరి సంతోషం? లోపల ఏడుస్తూ పైకి నవ్వమనడం అబద్ధంలా అనిపిస్తోంది.

జవాబు

అబద్ధం ఆడమని పౌలు చెప్పడు. ఇందాక చెప్పిన గ్రీకు మాట ఉంది కదా, దాని విశేషణ రూపాన్ని ఆయన రోమీయులకు 9:2లో తన బాధకు వాడాడు. తెలుగులో “నా హృదయములో మానని వేదన” అని ఉంది. ప్రార్థన ఎడతెగనిది, వేదనా ఎడతెగనిదే. ఎల్లప్పుడూ సంతోషంగా ఉండమన్నది ఇంత వేదన మోస్తున్న మనిషి. 2 కొరింథీయులకు 6:10లో దుఃఖపడేవాళ్లలా ఉన్నా ఎల్లప్పుడూ సంతోషించేవాళ్లమని ఒకే ఊపిరిలో అంటాడు. ఒకటి పోతేగానీ రెండోది రాదని ఆయన ఎక్కడా అనలేదు. థెస్సలొనీకవాళ్లు కూడా గొప్ప ఉపద్రవంలోనే ఆనందంతో వాక్యాన్ని అంగీకరించారని 1 థెస్సలొనీకయులకు 1:6లో ఉంది. ఆ ఆనందం పరిశుద్ధాత్మ ఇచ్చింది, పరిస్థితి ఇచ్చింది కాదు. కాబట్టి ఏడుపు వస్తే దేవుని ముందు ఏడవండి. లాజరు సమాధి దగ్గర యేసు కూడా కన్నీళ్లు విడిచాడు.

మీరడిగిన వచనాల తర్వాత, 5:18లో “ప్రతి విషయమునందును” కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని ఉంది. అమ్మ జబ్బు కోసం కృతజ్ఞత చెప్పమనడం కాదు, జబ్బు ఉన్న ఆ ఇంట్లో ఉండగానే చెప్పమనడం. ఆ ‘అందు’ని దాటిపోకండి.

మరొక సభ్యురాలు

ఒక్క మాట చేరుస్తాను. ‘ఉండుడి’, ‘చేయుడి’ బహువచనాలు. నేటి ‘చేయండి’ ఒక్కరికి మర్యాదగానూ వాడతాం కనుక, చదివేటప్పుడు నాకొక్కదానికే చెప్పాడనుకుంటాం. మన పాత అనువాదంలో ఒక్కరితో అంటే మామూలుగా ‘చేయుము’. ఇక్కడ ఆజ్ఞ సంఘం మొత్తానికి వచ్చింది.

ప్రాచీన ఐగుప్తు (ఈజిప్టు) క్రైస్తవ సన్యాసుల్లో లూసియస్ అనే పెద్దాయన గురించి ఒక కథనం ఉంది. మేం చేతిపని చేయం, ఎడతెగక ప్రార్థిస్తామంటూ కొందరు ఆయన దగ్గరికి వచ్చారు. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు మీకోసం ఎవరు ప్రార్థిస్తారని ఆయన అడిగాడు. వాళ్లు చెప్పలేకపోయారు. అప్పుడాయన తన సంగతి చెప్పాడు: దేవుణ్ణి కరుణించమని వేడుకుంటూ తాళ్లు పేనుతాను, వాటిని అమ్మితే వచ్చిన 16 నాణేల్లో రెండు తలుపు బయట పెడతాను. వాటిని తీసుకున్నవాళ్లు నేను తినేటప్పుడు, పడుకున్నప్పుడు నాకోసం ప్రార్థిస్తారు. అలా దేవుని కృపవల్ల ఈ ఆజ్ఞ నెరవేరుతుంది.

ఎడతెగకుండా చూసుకునే బరువు మీ ఒక్కరి మీదే లేదండీ. మీ సంఘంలో ఇద్దరు ముగ్గురికి మీ పరిస్థితి చెప్పి, రాత్రి వేళలు పంచుకోమనండి. ఈ రాత్రికి మీ అమ్మగారి కోసం నేను ప్రార్థిస్తాను. వీలు దొరికితే మీరు కాసేపు పడుకోండి.