డాట్‌లో ఒకే ఒక్క మాంగనీస్ పరమాణువు: ఐదేళ్లు దీని మీద పెట్టొచ్చా?

మల్లేశ్వరం_ఎమ్మెస్సీ:
ఫిజిక్స్ వాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. బెంగళూరులో ఎమ్మెస్సీ అయిపోవస్తోంది, యూరప్‌లో ఒక పీహెచ్‌డీ సీటు దొరికేలా ఉంది. టాపిక్ ఏంటంటే, కాడ్మియం టెల్యూరైడ్ క్వాంటమ్ డాట్‌లో, అంటే కొన్ని నానోమీటర్ల సెమీకండక్టర్ రేణువులో, ఒకే ఒక్క మాంగనీస్ పరమాణువు ఉంటుంది, దాని స్పిన్‌ను (పరమాణువులో ఉండే బుల్లి అయస్కాంతం అనుకోండి) లేజర్‌తో మన చెప్పుచేతల్లో పెట్టుకోవాలి, ముందు ముందు క్వాంటమ్ కంప్యూటర్‌కు పనికొస్తుందని. వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా బావేమో "ద్రవ హీలియంతో చల్లబరిస్తే గానీ పనిచేయని దాంతో కంప్యూటర్ ఎవడు చేస్తాడ్రా, వజ్రంలో నైట్రోజన్ చేరిన లోపాలు, అదే ఎన్‌వీ సెంటర్లు పట్టుకో, అవి గది వేడిలోనే పనిచేస్తాయి" అంటున్నాడు. తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది.

హీలియం_బిల్లు:
మీ బావ చెప్పింది సగం కరెక్ట్. నేను ఆప్టిక్స్ ల్యాబ్‌లో నాలుగేళ్లు చాకిరీ చేసినవాణ్ణే. అసలు తలనొప్పి చలి కాదు తమ్ముడూ, శాంపిల్. డాట్లు పెంచేటప్పుడు మాంగనీస్ కొంచెం చల్లుతారు, పొంగలిలో జీడిపప్పు లాగా ఒక గరిటెలో రెండు వస్తాయి, ఇంకో గరిటెలో ఒక్కటీ ఉండదు. సరిగ్గా ఒక్కటే ఉన్న డాట్ కోసం మైక్రోస్కోప్ కింద వారాల తరబడి వెతుక్కోవాలి. అలాంటివి రెండు పక్కపక్కన కావాలంటే ఇక దేవుడే దిక్కు.

ఫిల్టర్‌కాఫీ_సుజాత:
చలి సంగతి ముందు తేల్చేద్దాం. అందరూ మెచ్చుకునే సూపర్‌కండక్టింగ్ చిప్‌లు 20 మిల్లీకెల్విన్ చుట్టుపక్కల నడుస్తాయి. ఈ డాట్లకు 5 కెల్విన్ (మైనస్ 268 డిగ్రీలు) చాలు, వాటితో పోలిస్తే ఇది మన బెంగళూరు డిసెంబరే.
ఇక ఇందులో అందం ఎక్కడుందంటే, 2004లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెసోంబ్ బృందం చూసింది ఇదే: మాంగనీస్ స్పిన్ 5/2 కాబట్టి దానికి ఆరు స్థితులు, డాట్‌లో లేజర్‌తో పుట్టించిన ఎలక్ట్రాన్-హోల్ జంట (హోల్ అంటే ఎలక్ట్రాన్ వదిలేసిన ఖాళీ) ఆ స్పిన్‌తో ముడిపడుతుంది, దాంతో డాట్ ఇచ్చే వెలుగులో ఒక్క గీత ఉండాల్సిన చోట ఆరు గీతలు కనిపిస్తాయి. వెలుగు ఏ గీతలో వచ్చిందో చూస్తే స్పిన్ ఎటుందో తెలిసిపోతుంది, బయటి అయస్కాంతం కూడా అక్కర్లేదు. 2009కల్లా గ్రెనోబుల్, పోలండ్‌లోని వార్సా బృందాలు వెలుగుతోనే ఆ స్పిన్‌ను ఒక పక్కకు మళ్లించి చూపించాయి. ఒకే గీతకు లేజర్ ట్యూన్ చేసి కొడుతుంటే ఆ స్థితి పదుల నానోసెకన్లలో ఖాళీ అయిపోతుంది. ఇది కంట్రోల్ కాకపోతే మరేంటి అన్నా?

హీలియం_బిల్లు:
ఖాళీ చేయడం వేరు సుజాత గారూ, కావలసిన కోణానికి తిప్పి అక్కడ నిలబెట్టడం వేరు. పైగా ఆ ఆరు గీతల బొమ్మ ఒక్క ఫోటాన్‌తో వచ్చింది కాదు, లక్షల ఫోటాన్లు పోగేస్తే వచ్చిన సగటు. చదవడానికి మీరు పుట్టించే ఎక్సైటానే, అంటే ఆ ఎలక్ట్రాన్-హోల్ జంటే, స్పిన్‌ను కదిపేస్తుంది కూడా, అంటే కొలిచేవాడే తక్కెడ మీద చెయ్యి వేసినట్టు. దానికి తోడు మాంగనీస్ కేంద్రకానికి కూడా 5/2 స్పిన్ ఉంది, ఆరు ఆర్లు ముప్పై ఆరు స్థితులు కలగాపులగం.

ఫిల్టర్‌కాఫీ_సుజాత:
సగటు సంగతి ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర జవాబు లేదు. కేంద్రకం గొడవ మాత్రం మాంగనీస్‌ది, మొత్తం ఫీల్డ్‌ది కాదు. మాంగనీస్ బదులు క్రోమియం పెట్టొచ్చు, ఆ పరమాణువుల్లో ఎక్కువ భాగానికి కేంద్రక స్పిన్ సున్నా. పైగా దాని స్పిన్ స్ఫటికం ఒత్తిడికి గట్టిగా స్పందిస్తుంది, అంటే సన్నటి కంపించే కమ్మీకి స్పిన్‌ను ముడివేయొచ్చు. కోబాల్ట్ పెడితే డాట్ వెలుగే ఆరిపోతుందని చాలామంది అనుకునేవాళ్లు, 2014లో వార్సా వాళ్లు కోబాల్ట్ ఉన్న డాట్ కూడా వెలుగుతోందని చూపించారు. కాబట్టి 'అవ్వదు' అనే మాట ఈ ఫీల్డ్‌లో కొంచెం జాగ్రత్తగా వాడాలి.

చెన్నై_సెంట్రల్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, ఫిజిక్స్ నాకు అంతంతమాత్రం. 2023 ఏప్రిల్‌లో కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్లు ఒప్పుకుంది కదా, కంప్యూటింగ్ హబ్ మీ ఐఐఎస్‌సీలో, కమ్యూనికేషన్ మా ఐఐటీ మద్రాస్‌లో. తిరిగొచ్చాక ఈ అబ్బాయి ఏ గుమ్మం తొక్కాలి?

హీలియం_బిల్లు:
అది మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే, ఒంటరి డాట్ నుంచి ఒక్కో ఫోటాన్ పట్టడం నేర్చినవాడు కమ్యూనికేషన్ వాళ్లకూ పనికొస్తాడు, ఎన్‌వీ వాళ్లకూ పనికొస్తాడు. నా గొడవ చేతిపని మీద కాదు, 'దీంతో కంప్యూటర్ చేస్తాం' అని ప్రపోజల్‌లో రాసే మొదటి పేరా మీద. తమ్ముడూ, ఒక్కటి అడుగు: డాట్లు పెంచే ఎంబీఈ మెషీన్ ఆ గ్రూపుదేనా, లేక శాంపిల్ ఇంకో ఊరి నుంచి రావాలా? బయటి నుంచి రావాలంటే రెండో ఏడాదంతా ఈమెయిళ్లు రాస్తూ కూర్చుంటావు, నేను కూర్చున్నాను.

మల్లేశ్వరం_ఎమ్మెస్సీ:
ఇది నాకు తట్టనే లేదు అన్నా. ఇంటర్వ్యూలో గైడ్ లేజర్ల గురించి గంట చెప్పారు, శాంపిల్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సోమవారం కాల్ ఉంది, మాంగనీసా క్రోమియమా అనేదీ, మెషీన్ ఎవరిదనేదీ అడిగి ఇక్కడే రాస్తాను.