మర్టిల్ బీచ్‌లో పిల్లల టీమ్‌కి ఏ గోల్ఫ్ కోర్సులు బాగుంటాయి?

నమస్కారమండీ. మేముండేది మిషిగన్‌లో. మార్చి చివర్లో కూడా ఇక్కడ చలి వదలదు. అందుకే ఏప్రిల్ మొదటి వారంలో మా అబ్బాయి హైస్కూల్ గోల్ఫ్ టీమ్‌ని సౌత్ కరొలైనాలోని మర్టిల్ బీచ్‌కి తీసుకెళ్తున్నాం. ఎనిమిది మంది పిల్లలు, నాలుగు రౌండ్లు. కోర్సులు ఎంచే పని నాది.

ఉత్తరాన బేర్‌ఫుట్ రిసార్ట్‌లో నాలుగు కోర్సులూ ఒకేచోట ఉన్నాయి, వ్యాన్ తిప్పలు తప్పుతాయి. కానీ దక్షిణాన పాలీస్ ఐలాండ్‌లో ఉన్న కాలడోనియా, ట్రూ బ్లూలని వదులుకోబుద్ధి కావట్లేదు.

ముగ్గురు కొత్తవాళ్లు. పోయినేడు వేరేచోట నీళ్ల మీదుగా కొట్టాల్సిన హోల్ దగ్గర ఒక బాబు వరసగా నాలుగు బంతులు పోగొట్టుకుని, గ్లవ్ తీసేసి బ్యాగ్ పక్కన కూర్చుండిపోయాడు. మళ్లీ అలా కాకూడదు.

అక్కడ ఆడినవాళ్లు చెప్పండి: బేర్‌ఫుట్‌లోని లవ్, ఫాజియో, నార్మన్, డై కోర్సుల్లో కొత్తవాళ్లకి ఏది నయం? కాలడోనియాకి ఒక రోజు కేటాయించొచ్చా?