ఒంటి నొప్పిని నా తప్పుగా భావించకుండా ఉండడం ఎలా?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

నా వయసు 46 సంవత్సరాలు. ఒక పాఠశాలలో తెలుగు బోధిస్తాను. రెండేళ్ల క్రితం నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాపు జబ్బు ఉందని తేలింది. వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు వల్ల వాపులు చాలావరకు తగ్గినా, తెల్లవారి లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కుక్కర్ మూత కూడా తీయలేక, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని మా అబ్బాయి లేచేదాకా కూర్చుంటాను. ఆ గంటలో నొప్పికన్నా నన్ను ఎక్కువగా వేధించేది నా ఆలోచనే. వేళకు తినలేదనీ, చలికాలంలో చన్నీళ్లతో బట్టలు ఉతికాననీ, నడకకు వెళ్లలేదనీ పాత లెక్కలన్నీ తీస్తాను.

పోయిన కార్తికంలో కాచిగూడలో బంధువుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్లి కుర్చీ అడిగితే, ఒక పెద్దావిడ "ఈ వయసుకే కుర్చీనా?" అన్నారు. సిగ్గుపడి కథ అయిదు అధ్యాయాలూ చాప మీదే కూర్చుని విన్నాను. తర్వాత రెండు రోజులు సెలవు పెట్టవలసి వచ్చింది. కుర్చీ అడిగినందుకు ఒకసారి, అడిగి కూడా కూర్చోనందుకు మరొకసారి నన్ను నేనే నిందించుకున్నాను. నొప్పిని ఒప్పుకోవడమంటే ఓడిపోవడమేనా?

సమాధానం (మల్కాజిగిరి నుంచి)

అమ్మా, నేను ఇదే జబ్బుతో 14 ఏళ్లుగా ఉంటున్నవాణ్ని. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. ఇందులో జన్యువులకు కొంత పాత్ర ఉంది. మగవారిలో కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. చన్నీళ్లలో బట్టలు ఉతికితే రాదు, వేళ తప్పి తింటే రాదు.

పొగతాగడం మాత్రం ముప్పును పెంచుతుంది, మందు చేసే మేలును కూడా తగ్గిస్తుంది. నేను ఇరవై ఏళ్లు సిగరెట్లు కాల్చాను. ఆ సంగతి తెలిసిన రోజున నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోయాను. మా డాక్టరు గారు "మందు బాగా పనిచేయాలని మానేయండి, మిమ్మల్ని మీరు శిక్షించుకోవడానికి కాదు" అన్నారు. నా తప్పు కొంత ఉన్నా నింద అక్కర్లేదని నాకు అప్పుడు అర్థమైంది. మీ విషయంలో ఆ కొంత కూడా లేదు. మన ఇళ్లలో "చేసుకున్నవారికి చేసుకున్నంత" అనే మాట ఊరికే నోటికి వస్తుంది. జబ్బుపడిన మనిషికి దాన్ని అంటగట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

ఒప్పుకోవడమంటే మందులు, వ్యాయామం వదిలేయడం కాదు. ఈ పూట వేళ్లు ముడుచుకోవని తెలుసుకుని పనిని దానికి తగ్గట్టు మార్చుకోవడం. నేను తాళంచెవికి లావుగా గుడ్డ చుట్టాను, పెన్నుకు సైకిల్ ట్యూబు ముక్క తొడిగాను.

సమాధానం (వనస్థలిపురం నుంచి)

నాది నడుము నొప్పి. మా దగ్గర నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజులు కూర్చున్నాను. గంటసేపు కదలకుండా కూర్చునే సాధన అక్కడ ఉన్నా, ఒంట్లో ఇబ్బంది ఉన్నవారికి కుర్చీ ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు.

బుద్ధుడు చెప్పిన రెండు బాణాల పోలిక మీకు పనికివస్తుందని రాస్తున్నాను. శరీరానికి కలిగే నొప్పి మొదటి బాణం, దాని గురించి మనసు పడే దుఃఖం రెండోది. వ్రతంలో చాప మీద మీరు పడ్డ నొప్పి మొదటిది, ఆ తర్వాతి నిందలు రెండోది. అయితే దయచేసి ఒకటి గుర్తుంచుకోండి: రెండో బాణం తగిలిందని గమనించిన రోజున "ఇది కూడా నా బలహీనతే" అనుకుంటే అది మూడోది అవుతుంది. నాకు ఏడాదిపాటు అలాగే జరిగింది. ఇప్పుడు నింద మొదలైనప్పుడు దాన్ని ఆపడానికి ప్రయత్నించను. నడుములో ఎక్కడ లాగుతోందో, ఎంత వేడిగా ఉందో అక్కడే చూస్తూ కాసేపు ఉంటాను, తర్వాత లేచి అటూ ఇటూ నడుస్తాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ నమస్కారాలు. వచ్చే గురువారం ఉప్పల్‌లో మా ఆడపడుచు గృహప్రవేశం. పూజ దగ్గర నాకు కుర్చీ వేయించమని ఈ రోజు ఫోన్ చేసి అడిగాను, కారణం అడిగితే జబ్బు పేరు చెప్పాను. "చేతులున్న కుర్చీ వేయించనా వదినా, మామూలుది చాలా?" అంది. లేచేటప్పుడు పట్టు దొరుకుతుంది కనుక చేతులున్నదే కావాలన్నాను.