టమాటా కింది ఆకులు పసుపు రంగుకి తిరుగుతున్నాయి, ఇది మెగ్నీషియం లోపమేనా?

ఆరుబయట నేలలో పెంచుతున్న టమాటా మొక్కలండీ. కింది ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య భాగం మాత్రం పాలిపోయి, బాగా ముదిరిన ఆకుల్లో అక్కడక్కడా గోధుమ రంగుకి తిరుగుతోంది. చిగుళ్లు బాగున్నాయి. నత్రజని లోపమైతే ముదురు ఆకు మొత్తం ఒకేలా పాలిపోవాలి, ఇనుము లోపమైతే ముందు లేత ఆకుల్లో కనిపించాలి కదా, అందుకే నా అనుమానమంతా మెగ్నీషియం మీదే. పొటాష్ ఎక్కువైనా మొక్క మెగ్నీషియాన్ని సరిగ్గా తీసుకోలేదు, కాయల కోసం ఈమధ్యే పొటాష్ వేశాను, దానివల్ల కూడా కావచ్చా?

ఆకుమచ్చ తెగులైన ఎర్లీ బ్లైట్‌లో వచ్చే వలయాల మచ్చలు లేవు. ఆకు తిప్పి చూస్తే నల్లి గానీ తెల్లదోమ గానీ కనపడలేదు.

మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 దగ్గర చూపిస్తోంది, అంటే ఆమ్ల గుణం ఎక్కువ, టమాటాకి 6 నుంచి 6.8 మధ్య ఉంటే మంచిది కాబట్టి అసలు గొడవ అక్కడే ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. డోలమైట్ సున్నం వేస్తే పీహెచ్ పెరుగుతుంది, మెగ్నీషియమూ అందుతుంది, కానీ అది పనిచేయడానికి నెలలు పడుతుంది, ఇప్పుడేమో మొక్కల నిండా పిందెలున్నాయి. ఈలోపు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఆకుల మీద పిచికారీ చేస్తే సరిపోతుందా? పసుపెక్కిన ఆకులు తుంచేయాలా, ఉంచాలా? ఇలాంటిది చూసినవాళ్లు దయచేసి చెప్పండి, ఈ మొక్కల్ని ఎలాగైనా నిలబెట్టుకోవాలి.